బురదలో దొరికిన చిరునామాలు: వాలెంతిన్ యానిన్ నోవ్‌గొరోద్‌ను ఎలా చదివారు

1951 జూలై 26. రష్యా వాయవ్యాన, వోల్ఖొవ్ నది ఒడ్డున ఉన్న నోవ్‌గొరోద్‌లో తవ్వకం నడుస్తోంది. నీనా అకులోవా అనే తవ్వకం కూలీ మట్టిలోంచి చుట్టుకుపోయిన బెరడు ముక్క ఒకటి తీసింది. అలాంటివి రోజూ దొరికేవే. చేపల వలకు కట్టే బెండు అనుకుని పక్కన పడేసేవాళ్లు. ఆమె ఎందుకో ఆగి చూసింది. బెరడు మీద గీతలున్నాయి. మామూలు గీతలు కావు, అక్షరాలు.

తవ్వకాల పెద్ద ఆర్తేమీ అర్త్సిహోవ్‌స్కీ చేతికి ఆ ముక్క వెళ్లింది. ఆయన ఒక వేలు పైకెత్తి, నిమిషం పాటు నోట మాట రాక నిలబడిపోయారట. తర్వాత బొంగురు గొంతుతో "వంద రూబుళ్ల బహుమతి! దీని కోసం ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్నా" అన్నారట. ఈ కథను లోకానికి బాగా తెలిసేలా చేసింది ఆయన శిష్యుడు వాలెంతిన్ లావ్రెంత్యేవిచ్ యానిన్. అదే ఏడాది మాస్కో విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేసుకున్న 22 ఏళ్ల కుర్రాడు.

యానిన్ పేరు చెప్పగానే రష్యాలో చాలామందికి బెరడు ఉత్తరాలే గుర్తొస్తాయి. నిజానికి వాటిని కనిపెట్టింది ఆయన కాదు. వాటిలోని కష్టమైన వాక్యాల ముడి విప్పిందీ ఎక్కువగా ఆయన కాదు, ఆ సంగతి తర్వాత చెప్తాను. ఆయన చేసిన పని వేరు. ఒక ఊళ్లో ఐదొందల ఏళ్ల పాటు అధికారం ఎవరి చేతిలో ఉందో తేల్చడానికి, రాజుల కథలు పక్కన పెట్టి, "ఈ పెరడు ఎవరిది?" అని అడగడం మొదలుపెట్టారు. మధ్యయుగ రష్యా చరిత్రలో అంతకుముందు ఈ ప్రశ్నను అంత పట్టుగా అడిగినవాళ్లు లేరు.

ముందు ఆ ఊరి సంగతి కొంచెం తెలియాలి.

నోవ్‌గొరోద్ అంటే 'కొత్త కోట'. ఇల్మెన్ సరస్సు నుంచి వోల్ఖొవ్ నది ఉత్తరానికి బయలుదేరే చోట ఉంది. ఇటు బాల్టిక్ సముద్రానికి, అటు వోల్గాకీ కీవ్‌కీ దారులు ఇక్కడ కలుస్తాయి. పాత రష్యన్ చరిత్ర గ్రంథాలు 862లో రూరిక్ అనే నాయకుణ్ణి ఈ ప్రాంతం వాళ్లే పిలిపించుకున్నారని చెప్తాయి. 1478లో మాస్కో పాలకుడు మూడో ఇవాన్ దీన్ని మింగేశాడు. మధ్యలో ఈ ఊరి పాలన మిగతా రష్యన్ రాజ్యాల్లా ఉండదు. రాజు ఉంటాడు, కానీ వంశపారంపర్యంగా కాదు. ఊరు పిలిస్తే వస్తాడు, పొమ్మంటే పోతాడు. పొసాద్నిక్ అని ఒక పెద్ద ఉంటాడు, నగరాధ్యక్షుడు అనుకోవచ్చు. ఆర్చ్‌బిషప్ ఉంటాడు. వీళ్లందరి మీద 'వేచె' అనే సభ. గంట కొడితే జనం పోగవుతారు.

19వ శతాబ్దపు చరిత్రకారులకు, కవులకు ఇది ఊరించే విషయం. జారు చక్రవర్తి కింద బతికేవాళ్లకు 'మన దగ్గరా ఒకప్పుడు ప్రజాస్వామ్యం ఉండేది' అని చెప్పుకోవడం ఎంత బాగుంటుంది! సోవియట్ కాలంలో అదే కథకు వర్గపోరాటం రంగు వేశారు. 1136లో నోవ్‌గొరోద్ వాళ్లు రాజు వ్సేవొలొద్‌ను భార్యాపిల్లలతో, అత్తగారితో సహా బిషప్ ఆవరణలో బంధించి, రాత్రింబవళ్లు 30 మంది ఆయుధాలతో కాపలా కాసి, చివరికి వెళ్లగొట్టారు. దీన్ని 'విప్లవం' అన్నారు. ఆ రోజు నుంచి రాజు డమ్మీ, పెత్తనం ప్రజలది అని పాఠ్యపుస్తకం చెప్పేది.

ఈ చిత్రాన్ని యానిన్ ఒక్కో ముక్కా ఊడదీసి మళ్లీ కట్టారు. మొదలుపెట్టింది నాణేలతో.

ఆయన 1929 ఫిబ్రవరి 6న వ్యాత్కాలో పుట్టారు. తండ్రి డాక్టరు. 1930ల చివర స్టాలిన్ అణచివేత కుటుంబంలో పెద్దల దాకా వచ్చేసరికి వాళ్లు ఊరొదిలి మాస్కో దగ్గరి ఒరేహోవొ-జూయెవొకు చేరారు. పిల్లవాడికి నాణేల పిచ్చి. 1946లో మాస్కో విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖలో చేరి, మరుసటి ఎండాకాలమే నోవ్‌గొరోద్ తవ్వకానికి వెళ్లారు. ఆ తర్వాత డెబ్భై ఏళ్లూ ఆ ఊరితోనే.

1956లో వచ్చిన తొలి పుస్తకం మంగోలుల దండయాత్రకు ముందు రష్యాలో డబ్బు, తూకాల గురించి. వినడానికి చప్పగా ఉంటుంది కానీ లెక్క చూస్తే ముచ్చటేస్తుంది. పాత రష్యన్ చట్టంలో ఒక గ్రివ్నాకు 20 నోగతాలు, 25 కూనాలు, 50 రెజానాలు. కూనా అంటే బొచ్చు కోసం వేటాడే ఒక చిన్న జంతువు. అందుకని ఇవి జంతువుల తోళ్లే, వాటినే డబ్బుగా వాడారు అని చాలామంది వాదించేవారు. యానిన్ పేరు దగ్గర ఆగలేదు. భూమిలో దొరికిన నిధుల్లోని అరబ్ వెండి దిర్హములను తూచారు. 68.22 గ్రాముల గ్రివ్నాను 25తో భాగిస్తే 2.73 గ్రాములు, 20తో భాగిస్తే 3.41 గ్రాములు. దిర్హముల బరువులు చూస్తే ఈ రెండు అంకెల దగ్గరే గుమిగూడాయి. రెజానా అంటే 'కోసినది', 1.36 గ్రాములు, అంటే కూనాలో సగం. నిధుల్లో సగానికి కత్తిరించిన దిర్హములు కుప్పలుగా ఉన్నాయి. పేరు జంతువుది, తూకం వెండిది.

ఈ పద్ధతే ఆయన జీవితమంతా నడిచింది. పత్రం ఏం చెప్తోందో వదిలేయడు, కానీ చేతికి తగిలే వస్తువు దానితో ఒప్పుకుంటుందా లేదా అని చూస్తాడు.

1962లో 'నోవ్‌గొరోద్ పొసాద్నిక్కులు' వచ్చింది. డాక్టరేట్ దీనికే. అదే ఏడాది తవ్వకాల బాధ్యత కూడా ఆయన మీద పడింది. ఈ పుస్తకానికి ముడిసరుకు ఒక విసుగు పుట్టించే జాబితా. పాత గ్రంథంలో పొసాద్నిక్కుల పేర్లు వరసగా రాసి ఉన్నాయి, ఎవరు ఎప్పుడు అనేది లేదు. యానిన్ ఒక్కో పేరునూ కథనాల్లోని సంఘటనలతో, ఒప్పందాల మీది పేర్లతో, ఎవరు ఏ వీధివాడో అన్న సమాచారంతో జత చేస్తూ పోయారు. అలా చేస్తే కనపడినవి మూడు విషయాలు. పొసాద్నిక్ అనే వేరే పదవి 1136 కంటే ముందే, 11వ శతాబ్దం చివరికే పుట్టింది. కాబట్టి 'విప్లవం' ఒక్కరోజు ముచ్చట కాదు. రెండోది, ఆ పదవి కొన్ని బోయార్ కుటుంబాల చేతుల్లోనే తిరుగుతోంది. బోయార్లంటే భూములున్న పెద్ద కుటుంబాలు. మూడోది అన్నిటికంటే ఆసక్తికరం. ఊరు ఐదు 'కొన'లుగా, అంటే పేటలుగా ఉండేది. పొసాద్నిక్ పదవి కోసం పేటల మధ్య కొట్లాటే నోవ్‌గొరోద్ రాజకీయం. వంతెన మీద తన్నుకోవడం, ఓడినవాళ్ల ఇళ్లు లూటీ చేయడం, ఇదంతా గ్రంథాల్లో ఉంది. జనం వర్సెస్ దొరలు అని అందరూ చదివిన చోట్ల, ఒక పేట దొరలు తమ జనాన్ని వెంటేసుకుని ఇంకో పేట దొరల మీదికి పోవడాన్ని యానిన్ చూశారు. మన ఊళ్ల రాజకీయం తెలిసినవాళ్లకు ఇది అర్థం కావడానికి పెద్ద వివరణ అక్కర్లేదనుకుంటా.

1354 దగ్గర కథ మలుపు తిరుగుతుంది. ఒంత్సీఫొర్ లుకీనిచ్ అనే పొసాద్నిక్ పదవి వదులుకున్నాడు. ఆ వెనుక ఒక పెద్ద సంస్కరణ ఉందని యానిన్ చూపించారు. ఒక్కడి కోసం కొట్టుకోవడం మానేసి, పేటలన్నిటికీ వాటా వచ్చేలా ఆరుగురు పొసాద్నిక్కులు ఒకేసారి. 15వ శతాబ్దంలో ఆ ఆరు 18 అయింది, తర్వాత 24, ఆ పైన ఇంకా. పెద్ద కుటుంబాలన్నీ లోపల కూర్చున్నాయి. ఇక కొట్లాట ఎవరి మధ్య? పైనున్న దొరలందరూ ఒకవైపు, కింద జనం ఒకవైపు. 1471లో షెలోన్ నది దగ్గర మాస్కో సైన్యం ఎదురైనప్పుడు నోవ్‌గొరోద్ సైన్యం పెద్దదైనా నిలబడలేదు. దొరల కోసం చావడానికి మామూలు జనం సిద్ధంగా లేరని యానిన్ వివరణ. కుటుంబాలు రాజీపడటం వల్లే ఊరు బలహీనపడిందన్న ఈ మాట ఆయన రాసిన వాటన్నిటిలోకీ పదునైనదని నాకనిపిస్తుంది.

తర్వాత ముద్రలు. నోవ్‌గొరోద్ పత్రాలు దాదాపు అన్నీ అగ్నిప్రమాదాల్లో, యుద్ధాల్లో పోయాయి. కానీ ప్రతి పత్రానికీ దారంతో వేలాడే సీసపు ముద్ర ఒకటి ఉండేది. తోలు కాగితం కుళ్లిపోతుంది, సీసం కుళ్లదు. రాజు నివాసం ఉన్న గొరొదీష్చె దగ్గర నది ఒడ్డున ఈ ముద్రలు కుప్పలుగా దొరికాయి. పత్రం లేని ముద్ర ఎందుకు పనికొస్తుంది? 1970లో రెండు సంపుటాల్లో యానిన్ చూపించారు. మూడోది ప్యోతర్ గైదుకోవ్‌తో కలిసి 1998లో.

ఒక ముద్రను చేతిలోకి తీసుకుని చూద్దాం. పావలా బిళ్లంత సీసం. ఒకవైపు సెయింట్ అలెగ్జాండర్, రెండోవైపు సెయింట్ ఫ్యోదర్. రాజు పేరు ఎక్కడా లేదు. రష్యన్ రాజులకు అప్పట్లో రెండు పేర్లు. ఇంట్లోనూ రాజ్యంలోనూ పిలిచేది ఒకటి, బాప్తిస్మంలో పెట్టింది ఒకటి. ముద్ర మీద ఒకవైపు తన బాప్తిస్మపు పేరున్న సాధువు, రెండోవైపు తండ్రి పేరున్న సాధువు. ఫ్యోదర్ అనే బాప్తిస్మపు పేరున్న యారొస్లావ్ కొడుకు అలెగ్జాండర్ ఎవరు? 13వ శతాబ్దపు పేరున్న రష్యన్ రాజు అలెగ్జాండర్ నెవ్‌స్కీ. ముద్ర మీద ఇద్దరు సాధువుల్ని చూసి తండ్రీకొడుకుల్ని చెప్పడం అన్నమాట. వందలాది ముద్రల్ని ఇలా పోల్చుకుంటూ పోయాక ఒక విచిత్రం బయటపడింది. 1136 తర్వాత రాజు డమ్మీ అయ్యుంటే ఆయన ముద్రలు తగ్గాలి. అవి పెరిగాయి. యానిన్ ఏమన్నారంటే, రాజును న్యాయస్థానం నుంచి తరిమేయలేదు. పక్కన పొసాద్నిక్‌ను కూర్చోబెట్టారు. తీర్పు ఇద్దరూ కలిసి చెప్పాలి, ముద్ర రాజుది పడాలి. పేరు ఒకరిది, పట్టు ఇంకొకరిది.

ఇప్పుడు మట్టిలోకి దిగుదాం. యానిన్ అసలు ఇల్లు అక్కడే.

నోవ్‌గొరోద్ నేల బంకమట్టి, నీళ్లు ఇంకవు. ఊరి కింద ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త, పేడ, చెక్క పొట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. గాలి తగలదు కాబట్టి కుళ్లదు. చెక్క, తోలు, బెరడు, అన్నీ నిన్న పడేసినట్టు ఉంటాయి. వీధులకు రాళ్లు పరిచే అలవాటు లేదు, దుంగలు పరిచేవారు. బురదలో అవి కుంగగానే పైన ఇంకో వరస. 1951 నుంచి 1962 దాకా నేరెవ్‌స్కీ అనే చోట రెండెకరాలకు పైగా తవ్వితే 'గొప్ప వీధి' కింద ఇలాంటి వరసలు 28 బయటపడ్డాయి. బరీస్ కోల్చిన్ అనే శాస్త్రవేత్త చెట్టు వలయాలు లెక్కపెట్టి మొదటి వరస 953లో, చివరిది 1462లో వేశారని తేల్చారు. ఐదొందల ఏళ్లు, ఒక్కో మెట్టుకూ తేదీతో సహా. ఏ మెట్టు దగ్గర ఏ వస్తువు దొరికితే దాని వయసు అదే.

వీధి పక్కన పెరళ్లు. పెద్ద పెద్ద ఆవరణలు, చుట్టూ కంచె. ఆ కంచెలు వందల ఏళ్లు అదే గీత మీద ఉన్నాయి. ఇల్లు తగలబడినా, పడగొట్టి కట్టినా కంచె జరగలేదు. అంటే ఆస్తి చేతులు మారలేదు. ఎవరి చేతులు? ఈ ప్రశ్నకు జవాబు బెరడు ఉత్తరాలు ఇచ్చాయి.

బెరడు అంటే బిర్చ్ చెట్టుది. మనం భూర్జపత్రం అంటామే, అదే చెట్టు జాతి. రష్యన్‌లో 'బెర్యోజా', సంస్కృతంలో 'భూర్జ', రెండూ ఒకే వేరు నుంచి మొలిచిన మాటలు. కశ్మీరులో దాని మీద సిరాతో రాసేవారు. నోవ్‌గొరోద్‌లో ఇనుప మొనతో గీరారు. ఆ లెక్కన అది మన తాటాకు, గంటం వ్యవహారానికి దగ్గర. సిరా అయితే బురద నీళ్లలో ఎప్పుడో కరిగిపోయేది. ఇంకో తేడా ఏంటంటే తాటాకు మీద దాచుకోవాల్సింది రాస్తాం. బెరడు మీద రాసింది చదివి, పారేసేవాళ్లు. మన కాలపు మెసేజ్ లాంటిది.

ఆ పారేసినవాటిలో చిరునామాలున్నాయి. 'అయ్య యూరీ ఒంత్సీఫొరొవిచ్ గారికి రైతుల దండాలు' అంటూ పెత్తందారు మీద ఫిర్యాదు ఒకటి. యూరీ ఒంత్సీఫొరొవిచ్ గ్రంథాల్లో ఉన్న పొసాద్నిక్, 1417లో పోయాడు. కింది పొరల్లో, అవే పెరళ్ల చుట్టుపక్కల, ఆయన తండ్రి ఒంత్సీఫొర్ ఉత్తరం. పైన 1354 సంస్కరణ అని చెప్పానే, ఆ ఒంత్సీఫొరే. ఉత్తరంలో రాజకీయం లేదు. అమ్మకు రాస్తున్నాడు, ఫలానా వాడికి రూబులు కూడబెట్టమని చెప్పు, ఫలానా చోటికి పంపు అని ఇంటి పనులు. ఇంకా కింద తాత, ముత్తాత. పైన కొడుకు మిహాయిల్. మిషీనిచ్ అనే ఒకే కుటుంబం ఆరు తరాలు ఒకేచోట. గ్రంథాల్లో పదవుల పక్కన పేర్లుగా ఉన్నవాళ్లు మట్టిలో పెరళ్ల యజమానులుగా దొరికారు.

యానిన్‌కు ఇది కళ్లు తెరిపించిన విషయం. ఒక్కో బోయార్ కుటుంబానికి ఊళ్లో ఒక ఇల్లు కాదు, పక్కపక్కనే పెరళ్ల గుంపు. అందులో దొరతో పాటు అతని మీద ఆధారపడ్డ పనివాళ్లు, వృత్తులవాళ్లు, వాళ్ల కొలుములూ కార్ఖానాలూ. పేట అంటే ఇలాంటి కొన్ని గుంపులు. వేచె గంట మోగినప్పుడు ఎవరు ఎవరి వెనక నడుస్తారో ఇక్కడ అర్థమవుతుంది. 1981లో ఆయన ఇదే పద్ధతిని ఊరి బయటికి తీసుకెళ్లారు. మాస్కో స్వాధీనం చేసుకున్నాక రాయించిన భూముల పుస్తకాలతో ఈ కుటుంబాల పొలాలెక్కడున్నాయో గుర్తించారు.

అన్ని ఉత్తరాలూ ఇంత సూటిగా ఉండవు. పదాల మధ్య ఖాళీ వదిలే అలవాటు అప్పట్లో లేదు. అక్షరాలు గొలుసులా పోతాయి, ఎక్కడ తెంపాలో చదివేవాడి తెలివి. తవ్వినవాళ్లు చరిత్రకారులు, వాళ్లకు తెలిసిన పాత భాష చర్చి పుస్తకాలది. అందుకని చాలా చోట్ల తడబడ్డారు. రాసినవాళ్లకు చదువు తక్కువ, తప్పులు రాశారు అని సర్దుకునేవారు. 1982లో భాషాశాస్త్రవేత్త ఆంద్రేయ్ జలిజ్న్యాక్ ఈ పనిలోకి వచ్చాక సీను మారింది. ఈయన సంస్కృతం కూడా క్షుణ్ణంగా తెలిసిన మనిషి. 1978 నాటి సంస్కృత-రష్యన్ నిఘంటువు చివర ఉన్న సంస్కృత వ్యాకరణ సంగ్రహం ఆయన రాసిందే.

247వ నంబరు ఉత్తరం తీసుకోండి, 11వ శతాబ్దానిది. అందులో 'జమ్‌కె కేలె, ద్వెరి కేలె' అని ఉంది. మొదట చదివినవాళ్లు 'కేలె' అంటే సన్యాసుల గది అనుకున్నారు, 'గది తాళం, గది తలుపులు' అని ఏదో కుదిర్చారు. అర్థం పొసగలేదు. జలిజ్న్యాక్ చూసి అది గది కాదన్నారు. మిగతా స్లావిక్ భాషల్లో 'పూర్తిగా ఉన్న, చెక్కుచెదరని' అనే మాట 'త్సేల్' అని మొదలవుతుంది. మన 'చాలు'లో పలికే దంత్య చకారం లాంటి ధ్వని. ఒకప్పుడు అది 'క'. 'ఎ' లాంటి అచ్చుల ముందు క ఇలా మారింది. నోవ్‌గొరోద్ మాండలికంలో మారలేదు.

తెలుగువాళ్లకు ఇది చెప్పడం సులువు. కన్నడంలో కెరె, మనకు చెరువు. కన్నడంలో కివి, మనకు చెవి. వాళ్లది కై, మనది చెయ్యి. పాత క మన దగ్గర చ అయింది, కన్నడంలో నిలిచింది. నోవ్‌గొరోద్ వాళ్లు ఈ ఒక్క విషయంలో కన్నడిగులు, మిగతా స్లావులందరూ మనలాంటివాళ్లు.

ఇప్పుడు ఉత్తరం మళ్లీ చదివితే: ఫలానావాడు ఇంకొకడి మీద 40 రెజానాల నష్టం మోపుతున్నాడు, కానీ తాళం చెక్కుచెదరలేదు, తలుపులు చెక్కుచెదరలేదు, ఇంటి యజమానికి ఏ ఫిర్యాదూ లేదు. దొంగతనం కేసు, అదీ దొంగ కేసు. 40 రెజానాలంటే యానిన్ తూకం ప్రకారం యాభై గ్రాములు దాటిన వెండి. ఒక్క అక్షరం దగ్గర సన్యాసి గది మాయమై పోలీస్ స్టేషన్ వచ్చింది. పైగా స్లావిక్ భాషల చరిత్రలో ఒక అధ్యాయమే తిరగరాయాల్సి వచ్చింది. అంతకుముందు ఈ మార్పు స్లావులందరికీ జరిగిందనే నమ్మేవారు.

అక్కడి నుంచి యానిన్, జలిజ్న్యాక్ జంటగా ఒక్కో ఏడాది ఉత్తరాలనూ ప్రచురించారు. ఒకరు పొర, పెరడు, మనిషి చూస్తే ఇంకొకరు వాక్యం చూశారు. వీళ్ల వాదులాటలు ఎలా ఉండేవో వినాలని నాకు కోరిక.

ఓంఫిమ్ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం చదివిన స్లావిక్ అభిమానులు ఊరుకోరు. 13వ శతాబ్దపు ఆరేడేళ్ల పిల్లవాడు. 1956లో వాడి అక్షరాభ్యాసం దొరికింది. బెరడు మీద అచ్చం మన గుణింతం రాశాడు, బ వ గ ద, బె వె గె దె అంటూ. సగంలో విసుగొచ్చినట్టుంది, గుర్రం మీద తనే రౌతై శత్రువును పొడుస్తున్న బొమ్మ వేసి పక్కన తన పేరు రాసుకున్నాడు. ఇంకోచోట ఒక జంతువు బొమ్మ, 'నేను క్రూరమృగాన్ని' అని రాత.

1973లో ట్రోయిత్స్కీ అనే కొత్త చోట తవ్వకం మొదలైంది. అక్కడ ఒక పెరట్లో రంగులు, బొమ్మల చెక్కలు, 'గ్రేచిన్‌కు' అని రాసిన ఉత్తరాలు దొరికాయి. ఒక ఫాదరీ గారు, తనకు రెండు బొమ్మల మీద ఆరు రెక్కల దేవదూతల్ని వేసిపెట్టమని ఆర్డరిచ్చారు. ఒలిసేయ్ గ్రేచిన్ 12వ శతాబ్దపు చిత్రకారుడు, పూజారి కూడా. ఆ కాలపు రష్యన్ చిత్రకారుడి కార్ఖానాలోకి అలా నేరుగా అడుగుపెట్టడం అంతకుముందు ఎవరికీ కుదరలేదు.

అదే చోట, ఇంకా పాత పొరల్లో దొరికిన చెక్క గొట్టాలు ఇంకో తగువు తేల్చాయి, కనీసం యానిన్ తేలిందనే అనుకున్నారు. పిడికిట్లో పట్టేంత చెక్క ముక్క, లోపల ఒకదాన్నొకటి అడ్డంగా దాటే రెండు రంధ్రాలు. వీటిని చాలా కాలం ఏదో పనిముట్టు భాగం అనుకున్నారు. యానిన్ ఇవి సంచి మూతికి వేసే తాళాలన్నారు. సంచి తాడు కొనల్ని రంధ్రంలో పోనిచ్చి మేకు కొడితే, తాడు కోస్తేనో చెక్క పగలగొడితేనో తప్ప సంచి తెరుచుకోదు. వాటి మీద ఉత్తరాది పన్ను ప్రాంతాల పేర్లు, ఎవరి వాటా ఎంతో కొన్ని అంకెలు, కొన్నిటి మీద రాజు గుర్తు. అంటే దారిలో దొంగలు పడకుండా పన్నుల సంచులకు వేసిన సీలు. ఇవి దొరికింది రాజు కోటలో కాదు, ఊళ్లోని బోయార్ల పెరళ్లలో. కీవ్ రాజ్యంలో రాజే పరివారంతో తిరిగి పన్ను వసూలు చేసేవాడు. ఇక్కడ వసూలు చేసి, లెక్క కట్టి, రాజుకు ఆయన వాటా ఇచ్చింది ఊరివాళ్లు. 11వ శతాబ్దంలోనే ఇలా ఉంటే, రూరిక్‌ను పిలిపించుకున్న నాటి ఒప్పందంలోనే రాజు చేతులు కట్టేశారని 2001లో వచ్చిన పుస్తకంలో ఆయన వాదించారు.

ఇక్కడ నేను కాస్త ఆగుతాను. 11వ శతాబ్దపు చెక్క ముక్కల నుంచి 9వ శతాబ్దపు ఒప్పందానికి గెంతడం పెద్ద గెంతే. యానిన్ మీద ఇలాంటి అభ్యంతరాలు ఆయన ఉండగానే వచ్చాయి. అన్నిటికంటే వేడి చర్చ వేచె గురించి. సభ జరిగే చోటు, 'యారొస్లావ్ ఆవరణ'లోని సెయింట్ నికోలస్ చర్చి ఎదుట ఎంత ఖాళీ ఉందో చూసి, కూర్చుంటే నాలుగైదు వందల మంది పడతారని ఆయన లెక్క కట్టారు. 1331 నాటి ఒక జర్మన్ వర్తకుల నివేదికలో '300 బంగారు వడ్డాణాలు' అనే మాట ఉంది. రెండూ కలిపి, వేచె అంటే ప్రజలు కాదు, పెరళ్ల యజమానులైన కొన్ని వందల మంది దొరల సభ అన్నారు. సోవియట్ పాఠ్యపుస్తకానికీ, పాత ప్రజాస్వామ్య కలకూ ఒకేసారి చెక్ పెట్టే మాట ఇది.

పావెల్ లూకిన్ లాంటి తర్వాతి చరిత్రకారులు దీన్ని ఒప్పుకోలేదు. ఆ ఖాళీ స్థలం ఎంత, జనం కూర్చునేవారా నిలబడేవారా అన్నవి ఊహలేనన్నారు. ఆ నాటి పత్రాల్లో వేచె తరఫున మాట్లాడేవాళ్లలో బోయార్లతో పాటు వర్తకులు, మామూలు పౌరులూ ఉన్నారని చూపించారు. నాకు లూకిన్ వాదనే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. జీవితమంతా దొరల పెరళ్లు తవ్విన మనిషికి ఊరంతా దొరల పెరడుగానే కనపడటం సహజం. కానీ ఒకటి గమనించాలి. ఆయన్ని కాదనేవాళ్లు కూడా ఇప్పుడు ఆయన వేసిన ప్రశ్న మీదే తగువు పడుతున్నారు. వంద ఏళ్ల కిందట 'వేచె గొప్పదా చెడ్డదా' అని వాదించుకున్నారు, ఇప్పుడు 'ఎవరెవరు, ఎక్కడ, ఎంతమంది' అని వాదించుకుంటున్నారు.

పదవుల సంగతి చకచకా చెప్పేస్తాను. 1978 నుంచి మాస్కో విశ్వవిద్యాలయ పురావస్తు శాఖ అధిపతి, 1984లో లెనిన్ బహుమతి, 1990లో సోవియట్ సైన్స్ అకాడమీ పూర్తి సభ్యత్వం. వీటికంటే నాకు పెద్దగా అనిపించేది 1969లో నోవ్‌గొరోద్ నగరపాలక సంస్థ చేసిన ఒక నిర్ణయం. పాత ఊళ్లో ఎవరు పునాది తీయాలన్నా ముందు పురావస్తు శాఖ తవ్వాలి. దాని కోసం యానిన్, ఆయన సహచరులు గట్టిగా నిలబడ్డారు. ఇళ్లు కట్టే తొందరలో ఉన్న దేశంలో, ఒక ఊరి చెత్తకుప్పను చట్టం కాపాడటం చిన్న విషయం కాదు. పాత ఊరిలో తవ్వింది రెండు శాతమే, మిగతాది ముందు తరాల వాళ్లదని ఆయన చెప్పేవారు.

2000 జూలైలో ట్రోయిత్స్కీ తవ్వకంలో మైనం పూసిన మూడు చెక్క పలకలు దొరికాయి. మైనం మీద కీర్తనల పాఠం, 11వ శతాబ్దపు మొదటి పాదానిది. రష్యాలో దొరికిన అతి పాత పుస్తకం అదే. దాన్ని చదవడానికి జలిజ్న్యాక్ ఏళ్లు వెచ్చించారు. ఆయన 2017 డిసెంబరులో పోయారు. యానిన్ 2020 ఫిబ్రవరి 2న, 91 ఏళ్లు నిండడానికి నాలుగు రోజుల ముందు మాస్కోలో కన్నుమూశారు. నోవ్‌గొరోద్ బెరడు ఉత్తరాల సంఖ్య అప్పటికే పదకొండు వందలు దాటింది, ఎండాకాలం వస్తే ఇంకా పెరుగుతోంది.

వాటిలో 752వది, 11వ శతాబ్దం చివరిది, పొసాద్నిక్కుల లెక్కల్లోకీ వేచె చర్చలోకీ ఎక్కడా ఇమడదు. ఒక అమ్మాయి రాసింది. నీకు మూడుసార్లు కబురు పంపాను, ఈ వారం నా దగ్గరికి రాలేదు, నా మీద నీకు ఏం కోపం అని అడుగుతోంది. చేతి రాత చక్కగా ఉంది, వాక్యాలు చదువుకున్నవాళ్లవి. అందుకున్నవాడు దాన్ని పేలికలుగా చించి, ముడి వేసి, వీధిలోకి విసిరేశాడు. మధ్యలో కొన్ని లైన్లు పోయాయి.